తాత పుట్టిన ఊరు ఏ రాష్ట్రంలో ఉంది?

విశాఖపట్నంలో పొద్దున్నే బయలుదేరే కిరండూల్ ప్యాసింజరు అరకు చేరేసరికి చాలావరకు ఖాళీ అయిపోతుంది. కొండలు చూడవచ్చినవాళ్లు సంచులు సర్దుకుని దిగిపోతారు. మిగిలేది ఊళ్లకు పోయే మనుషులే. సంత చేసుకుని తిరిగి వెళ్లే ఆడవాళ్లు, వాళ్ల బస్తాలు, గంపలు, కూతురి ఇంటికి బయలుదేరిన ముసలివాళ్లు. అరకు దాటితే గోరాపూర్, ఆ తరవాత దర్లిపుట్, పాడువా. ఈ మధ్యలో ఎక్కడో ఆంధ్రప్రదేశ్ అయిపోయి ఒడిశా మొదలవుతుంది. కిటికీలోంచి చూసేవాళ్లకు ఆ సంగతి తెలియదు. అదే ఎర్రమట్టి, అవే మెట్ల పొలాలు, కార్తీకంలో అయితే వాలు పొడవునా అవే పసుపుపచ్చ వలిసెపూలు. స్టేషను బోర్డు మీద తెలుగు అక్షరాలు పోయి ఒడియా అక్షరాలు వచ్చినప్పుడే గీత దాటామని తెలుస్తుంది.

ఆ గీతకు రెండువైపులా ఉన్న కుటుంబాలు తమ మూలాన్ని వెతుక్కోవడం గురించి ఈ ప్రసంగం.

మైదానంలో తాతముత్తాతల ఊరు తెలుసుకోవాలనుకోవడం చాలామందికి ఒక ముచ్చట. తీరిక దొరికినప్పుడు పెద్దవాళ్లను అడిగి, ఇంటిపేరు పట్టుకుని, వంశవృక్షం గీసుకుంటారు. తూర్పు కనుమల మన్యంలో అది ముచ్చట కాదు, అవసరం. షెడ్యూల్డు తెగల మీద రాష్ట్రపతి ఉత్తర్వు 1950 సెప్టెంబరు 6న వెలువడింది. ఒక కుటుంబానికి ఏ రాష్ట్రంలో గిరిజన గుర్తింపు దక్కుతుందన్న అనుమానం వస్తే, ఆ తేదీకి ఆ కుటుంబం స్థిరనివాసం ఎక్కడ అన్నది అధికారులు చూస్తారు. అంటే ఈరోజు ఇంటర్ చదివే పిల్ల ధ్రువపత్రానికి దరఖాస్తు పెడితే, ఆమె ముత్తాత డెబ్భై అయిదేళ్ల కిందట ఏ కొండమీద పోడు కొట్టుకుంటున్నాడో ఆరా తీయవలసి రావచ్చు. ఆ ముత్తాతకు మాత్రం తాను ఏ రాష్ట్రంలో ఉన్నాడో తెలిసి ఉండకపోవచ్చు. ఆయనకు తెలిసింది తన వంశం, తన ఊరి పెద్ద, తన వాగు, తన సంత.

ఈ కొండల మీద గీతలు ఎన్నిసార్లు మారాయో చూస్తే ఆయనను తప్పుపట్టలేం. 1839లో ఈస్టిండియా కంపెనీ గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పించి కలెక్టరు చేతికే ప్రత్యేకాధికారాలు ఇచ్చింది. ఏజెన్సీ అనే మాట అప్పుడు పుట్టి ఇప్పటికీ జనం నోట నిలిచింది. ఆనాటి విశాఖపట్నం జిల్లా బంగాళాఖాతం ఒడ్డు నుంచి బస్తరు సరిహద్దు దాకా ఉండేది. కొరాపుట్, జయపురం, నవరంగపురం అన్నీ మద్రాసు రాజధాని కింద, విశాఖ కలెక్టరు కిందే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడింది. జయపురం సంస్థానంలో చాలా భాగం అటు పోయి కొరాపుట్ జిల్లా అయింది. అరకు ఇటు మిగిలింది.

సాలూరు కొండల్లో 1930లో పుట్టి, ఊరు కదలకుండా తొంభై ఏళ్లు దాటి బతికిన ఒక మనిషిని ఊహించుకోండి. ఆయన పుట్టినప్పుడు అది మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1979లో విజయనగరం జిల్లా. 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లా. అదే రోజున అరకు, పాడేరు విశాఖ జిల్లాలోంచి విడివడి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చాయి. ఇల్లు అదే, గుమ్మం అదే, గుమ్మం ముందు చింతచెట్టు అదే. చిరునామా మాత్రం అయిదుసార్లు మారింది. ఆయన మనవడు తాత కాగితాలు వెతకాలంటే ఎన్ని కచేరీల మెట్లు ఎక్కాలో లెక్క వేసుకోవచ్చు.

ఇలాంటి కష్టం పడిన జాతులు ప్రపంచంలో ఇంకా ఉన్నాయి. అందులో జర్మన్ల సంగతి ఇక్కడ చెప్పుకోవాలి, ఎందుకంటే వాళ్లకూ మన కొండలకూ ఒక చుట్టరికం ఉంది. 1945లో రెండో ప్రపంచయుద్ధం ముగిశాక జర్మనీ తూర్పు సరిహద్దు ఓడర్, నైసె నదుల దగ్గరికి జరిగింది. దాదాపు కోటీ ఇరవై లక్షల మంది జర్మన్లు తూర్పు ప్రాంతాలు విడిచి రావలసి వచ్చింది. బ్రెస్లావ్ నగరం వ్రోత్స్వాఫ్ అయింది. స్టెటిన్ ష్చెచిన్ అయింది. కోనిగ్స్‌బెర్గ్ రష్యా చేతికి పోయి కలినిన్‌గ్రాడ్ అయింది. అమెరికాలోనో కెనడాలోనో ఉన్న మనవడు అమ్మమ్మ పెట్టెలో దొరికిన పాత ఉత్తరం మీద ఊరిపేరు చూసి ఇప్పటి జర్మనీ పటంలో వెతికితే ఆ ఊరు ఉండదు. పోలండ్ పటంలో ఉంటుంది, అదీ వేరే పేరుతో.

వాళ్లు దీనికొక పద్ధతి పట్టారు. ముందు తేదీ స్థిరపరుచుకుంటారు. తాత పుట్టింది 1890లోనా, 1925లోనా? ఆ తరవాత 1912 నాటి మేయర్ స్థలకోశం తెరుస్తారు. అప్పటి జర్మన్ సామ్రాజ్యంలోని చిన్న పల్లెటూరితో సహా ప్రతి ఊరూ ఏ జిల్లా కింద, ఏ జననమరణ నమోదు కచేరీ కింద ఉండేదో అందులో అచ్చయి ఉంటుంది. అది తెలిస్తే ఆ కచేరీ పుస్తకాలు ఇప్పుడు ఎక్కడున్నాయో అడగవచ్చు. కొన్ని పోలండ్ భాండాగారాల్లో ఉంటాయి. యుద్ధంలో బయటపడి వచ్చినవాటిలో కొన్ని బెర్లిన్‌లోని ఒకటో నంబరు నమోదు కచేరీలో ఉంటాయి. ఊరు ఇప్పుడు ఎవరిదన్న ప్రశ్న వాళ్లు చివరికి అడుగుతారు. ఆ రోజున ఆ ఊరి పుస్తకం ఎవరి బీరువాలో ఉండేదన్నది మొదట అడుగుతారు. మన్యానికి అచ్చంగా ఇదే పనికొస్తుంది.

చుట్టరికం అన్నాను కదా. జర్మనీ ఉత్తరపు కొసన ష్లెస్విగ్ అనే ప్రాంతం ఉంది. అందులో బ్రెక్లుమ్ అనే పల్లెలో 1876లో క్రిస్టియన్ యెన్సెన్ అనే పాదిరి ఒక లూథరన్ మిషన్ పెట్టాడు. ఆ మిషన్ పంపిన మనుషులు 1882లో కొరాపుట్ వచ్చారు. తరవాత సాలూరు, జయపురం, పార్వతీపురం దాకా విస్తరించారు. వాళ్లలో ఎఫ్. వి. పి. షుల్జె అనే ఆయన సాలూరులో ఉండి, కొండమీది కోదులు మాట్లాడే కువి భాషకు వ్యాకరణం రాశాడు. 1911లో మద్రాసులో అది అచ్చయింది. ఆ తరవాత పదజాలమూ కూర్చాడు. సాలూరు ఎండలో కూర్చుని ఒక జర్మన్ పాదిరి కువి క్రియాపదాలు లెక్కపెట్టుకోవడం నిజంగా జరిగింది.

ఆ మనుషులు వచ్చిన ష్లెస్విగ్ ఎవరిది? 1864 దాకా డెన్మార్కు రాజుది. ఆ ఏడు యుద్ధంలో ప్రష్యా, ఆస్ట్రియా గెలిచి లాక్కున్నాయి. 1920లో అక్కడి జనాన్ని ఓటు అడిగారు. ఫిబ్రవరిలో ఉత్తర భాగం డెన్మార్కు కావాలంది. మార్చిలో దాని కింది నడిమి భాగం జర్మనీతో ఉంటానంది. గీత ష్లెస్విగ్ నడుమ పడింది. సరిగ్గా పదహారేళ్లకు వాళ్ల మిషన్ పనిచేసిన నేల మీద కూడా గీత పడింది. కొరాపుట్, జయపురం ఒరిస్సాలోకి పోయాయి. సాలూరు, పార్వతీపురం మద్రాసులో మిగిలాయి. ష్లెస్విగ్‌లో జనాన్ని ఓటు అడిగారు, ఇక్కడ ఎవరూ అడగలేదు. ఈ తేడాను మాత్రం గట్టిగా పట్టించుకోవాలి. 1931లో వేసిన ఓడొనెల్ కమిటీ, ఆ తరవాత లండన్‌లో కూర్చున్న పార్లమెంటు సంయుక్త సంఘం, జమీందార్ల అర్జీలు, రెండు భాషల పెద్దల వాదనలు, ఇవన్నీ నడిచాయి. కొండమీది గదబ, పోర్జ, కోదు, కొండదొర మాట ఎవరూ అడిగిన దాఖలా లేదు. తెలుగా, ఒడియానా అని వాదించుకున్నవాళ్లకు గుతోబ్ మాట్లాడే గదబ ఎటు చెందుతాడో చెప్పే వీలే లేదు. ఆ భాష ద్రావిడం కాదు, ఆర్యభాషా కాదు, ముండా కుటుంబానిది.

మరి ఈ కుటుంబాలు తమ మూలాన్ని ఎలా పట్టుకోవాలి? ఊరిపేరుతో మొదలుపెడితే దారి తప్పుతారు. అనంతగిరి మండలంలో శిమిలిగుడ ఉంది. రైల్వేవాళ్ల పుస్తకాల్లో ఎత్తయిన బ్రాడ్‌గేజి స్టేషనుగా ఏళ్లపాటు పేరు మోసింది అదే. కొరాపుట్ జిల్లాలో సెమిలిగుడ ఉంది, ఇప్పుడది పట్టణం. బూరుగుచెట్టు పక్కన వెలసిన గూడెం ఎక్కడున్నా ఆ పేరే పడుతుంది. ముంచింగిపుట్టు, జోలాపుట్, కొరాపుట్, దర్లిపుట్ అంటూ చివర పుట్ వచ్చే ఊళ్లకు లెక్కలేదు. అరకు మండలంలో యండపల్లివలస ఉంది, కొండ కింద కొత్తవలస ఉంది. ఉత్తరాంధ్రలో వలస అని ముగిసే ప్రతి ఊరూ ఎవరో ఎక్కడినుంచో వచ్చి కట్టుకున్నదే. వచ్చినవాళ్లు ఎవరు, ఎక్కడినుంచి అన్నది మాత్రం ఊరి పేరులో లేదు.

ఇంటిపేరు మెరుగైన దారి. అరకు, ముంచింగిపుట్టు, పెదబయలు మండలాల్లో బడి రిజిస్టరు తెరిస్తే కొర్రా, కిల్లో, పాంగి, వంతల, గొల్లోరి అనే పేర్లు పుటలు పుటలుగా కనిపిస్తాయి. ఇవి వంశాలు. కొర్రా అంటే సూర్యుడు, కిల్లో అంటే పులి, పాంగి అంటే గద్ద, వంతల అంటే నాగుపాము, గొల్లోరి అంటే కోతి. కిల్లోవాళ్లు కిల్లోవాళ్లను పెళ్లాడరు, అన్నదమ్ముల వరస. కొండకు అటువైపు కొరాపుట్ జిల్లాలో కొరా, కిలో, పాంగి, హంతాళ్, గొలోరి అని ఉన్నవీ ఈ వంశాలే. వంతల, హంతాళ్ ఒకటేనని చెవికి తెలుస్తుంది, కంప్యూటరుకు తెలియదు. పైగా ఇటు ఇంటిపేరు ముందు రాస్తారు, అటు వెనక రాస్తారు. 2009లో కొరాపుట్ నుంచి లోక్‌సభకు ఎన్నికైన నాయకుడు జయరాం పాంగి. 2024లో అరకు అసెంబ్లీ స్థానంలో నిలబడిన అభ్యర్థి పాంగి రాజారావు. వీళ్లిద్దరూ చుట్టాలని చెప్పడం కాదు. ఒకే వంశం పేరు గీతకు ఇటు ముందుకూ అటు వెనక్కూ ఎలా వెళుతుందో చూపడం మాత్రమే. పాత కాగితాలు వెతికేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే ఎంతో తిరుగుడు తప్పుతుంది.

కాగితం కన్నా గట్టిది రాయి. కొరాపుట్ పీఠభూమి గదబల ఊళ్లలో, ఊరి నడుమ చెట్టు కింద రాతి పలకలు పరిచి ఉంటాయి. దాన్ని సదర్ అంటారు. ఊరి పెద్దలు కూర్చునేది అక్కడే. ఆ రాళ్లలో నిలువుగా పాతినవీ ఉంటాయి, పడుకోబెట్టినవీ ఉంటాయి. అవి పోయినవాళ్ల రాళ్లు. తరానికి ఒకసారి అన్నట్టుగా గదబలు గొతర్ అనే పెద్ద కర్మ చేస్తారు. ఆ మధ్యకాలంలో పోయిన ఒక్కొక్కరికీ ఒక్కొక్క దున్న. పోయిన మనిషే ఆ దున్న రూపంలో తిరిగి వచ్చాడని వాళ్ల నమ్మకం. ఇంటి ఆడవాళ్లు దాన్ని పేరు పెట్టి పిలిచి, తినిపించి, మెడ పట్టుకుని ఏడుస్తారు. చివరికి ఆ దున్నలను వేరే ఊళ్లో ఉన్న అదే వంశపు అన్నదమ్ముల వరసవాళ్లు వచ్చి తోలుకుపోతారు. పోయినవాళ్ల పేరు మీద రాళ్లు నిలబడతాయి. పీటర్ బెర్గర్ అనే జర్మన్ మానవశాస్త్రవేత్త ఈ గదబల మధ్య చాలాకాలం ఉండి ఈ కర్మ మీద, వాళ్ల తిండి మీద పెద్ద పుస్తకమే రాశాడు.

ఇక్కడ వంశవృక్షం కాగితం మీద లేదు. మా దున్నలు ఏ ఊరివాళ్లు తీసుకుపోయారు, వాళ్ల దున్నలు మేం తెచ్చుకున్నామా అన్నది తలుచుకుంటే ఏ ఊరికీ ఏ ఊరికీ సంబంధమో తేలిపోతుంది. ఆ జ్ఞాపకానికి 1936 నాటి గీత అడ్డురాదు.

నీళ్లు మాత్రం అడ్డువచ్చాయి. మాడుగుల కొండల్లో పుట్టి, పాడేరు వైపు నుంచి ఉత్తరానికి పారే మత్స్యగెడ్డను దిగువన మాచ్‌ఖండ్ అంటారు. అది డుడుమ దగ్గర ఒక్కసారిగా లోయలోకి దూకుతుంది. ఇంకా కిందికి పోతే అదే సీలేరు. శబరిలో కలిసి గోదావరికి చేరుతుంది. మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు 1946లో ఒప్పందం చేసుకుని ఈ నది మీద జోలాపుట్ దగ్గర ఆనకట్ట కట్టాయి. కరెంటు పుట్టడం 1955లో మొదలైంది. ఒనకడిల్లి కింద ఉన్న జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 114.75 మెగావాట్లు. కరెంటులో ఏ రాష్ట్రానికి ఎంత వాటా అన్న లెక్క పక్కాగా రాసుకున్నారు. జలాశయం కింద మునిగిన ఊళ్ల జనం ఎటు పోయారన్న లెక్క అంత పక్కాగా లేదు. కొందరు ఒరిస్సా వైపు గట్టెక్కారు, కొందరు ఇటు ముంచింగిపుట్టు, పెదబయలు వైపు వచ్చారు. ఒక ఊరి అన్నదమ్ములు రెండు రాష్ట్రాలవాళ్లయ్యారు. ఆ నిర్మాణం సాగిన ఏళ్లు, రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చిన 1950 చుట్టూ ఉన్న ఏళ్లు ఒకటే. అంటే ప్రభుత్వం ఏ రోజుకు నువ్వు ఎక్కడున్నావని అడుగుతున్నదో, సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రభుత్వాలు కట్టిన ఆనకట్ట వాళ్లను ఇల్లు విడిచి తిరిగేలా చేసింది. అలాంటి కుటుంబాన్ని రుజువు చూపమని అడగడం న్యాయం కాదు. రుజువు వెతికే భారం అడిగినవాళ్లే మోయాలి.

చట్టం మాటకు వస్తే, 1990లో సుప్రీంకోర్టు మర్రి చంద్రశేఖరరావు కేసులో ఒక సంగతి తేల్చి చెప్పింది. ఒక రాష్ట్రంలో షెడ్యూల్డు తెగగా గుర్తింపు ఉన్నవాడు మరో రాష్ట్రానికి వెళ్లి స్థిరపడితే ఆ హోదా అక్కడ చెల్లదు. ఆ కేసు వేసిన కుటుంబానిది ఆంధ్రప్రదేశ్‌లో తెగగా గుర్తింపు ఉన్న గౌడు కులమే. ఆ కుటుంబం బొంబాయి వెళ్లింది. సూత్రం పెద్ద నగరాలకు వలసపోయేవాళ్లను చూసి చెప్పింది. అది వచ్చి నాలుగు మైళ్ల దూరంలో పిల్లనిచ్చి పుచ్చుకునే కొండజనం మీద కూడా పడింది. ఆంధ్ర ఏజెన్సీలో వాల్మీకులు షెడ్యూల్డు తెగ. ఒడిశాలో అదే పేరు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉంది. పాడువా నుంచి అరకు పక్క ఊరికి కాపురానికి వచ్చిన కోడలు రైల్లో రెండు మూడు స్టేషన్లు వచ్చిందంతే. కచేరీ లెక్కలో ఆమె వేరే జాబితాలోంచి వచ్చింది.

అటవీ హక్కుల చట్టం వచ్చాక ఈ వెతుకులాటకు ఇంకో కోణం కలిసింది. షెడ్యూల్డు తెగలవాళ్లు 2005 డిసెంబరు 13 నాటికి ఆ భూమి మీద ఉంటే చాలు. తెగ గుర్తింపు లేని అడవిజనం మాత్రం ఆ తేదీకి ముందు మూడు తరాలు, అంటే డెబ్భై అయిదేళ్లు ఉన్నట్టు చూపాలి. లెక్క కడితే 1930 అవుతుంది. ఒరిస్సా రాష్ట్రమే లేని కాలం. ఆ కాలపు కాగితం ఏదైనా దొరికితే అది విశాఖపట్నం జిల్లా కాగితమో, జయపురం సంస్థానం కాగితమో అయి ఉండాలి. ఒడిశా వైపు కుటుంబం తన పూర్వీకుల జాడ విశాఖ ఏజెన్సీ దస్తావేజుల్లో వెతకాలి. ఆంధ్ర వైపు కుటుంబం జాడ జయపురంలో దొరకవచ్చు. జర్మన్ మనవడు పోలండ్ భాండాగారానికి పోవడం లాంటిదే ఇదీ.

అయితే ఆ చట్టం కింద వచ్చిన నియమాల్లో పదమూడోది ఎంతో మంచి నియమం. దాన్ని రాసినవాళ్లకు కొండల సంగతి తెలుసు. రుజువుగా ఏవేవి పనికివస్తాయో అందులో ఉంది. పాత సంస్థానాల, రాష్ట్రాల పటాలు, హక్కుపత్రాలు పనికివస్తాయి. పూర్వపు బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు పనికివస్తాయి. పాత భూమి రికార్డులో పేరున్నవారి దాకా తీసుకెళ్లే వంశావళి పనికివస్తుంది. దరఖాస్తు పెట్టినవారు కాని వేరే పెద్దలు చెప్పిన మాట రాతలో పెడితే అదీ పనికివస్తుంది. అంటే సదర్ రాయికి, ముసలమ్మ జ్ఞాపకానికి చట్టంలోనే చోటు ఉంది. ఈ నియమం ఉందని గ్రామసభల్లో ఎంతమందికి చెప్పారన్నదే ఇప్పుడు అడగవలసిన ప్రశ్న.

గీత ఇంకా తేలని చోటు ఒకటుంది, కొఠియా. పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు మండలానికీ కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకూ నడుమ కొండలమీద ఉన్న 21 ఊళ్లు మావంటే మావని రెండు రాష్ట్రాలూ అంటున్నాయి. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకెక్కింది. 2006లో ఆ దావా ముగిసింది గాని హద్దు తేలలేదు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ అక్కడ మూడు పంచాయతీలకు ఎన్నికలు జరిపితే ఒడిశా మళ్లీ కోర్టుకు వెళ్లింది. ఆ ఏడు నవంబరు 9న ఇద్దరు ముఖ్యమంత్రులూ భువనేశ్వర్‌లో కలిసి మాట్లాడుకున్నారు. ఈలోగా కొఠియా ఇంట్లో గూటిలో రెండు రేషను కార్డులు, రెండు ఓటరు కార్డులు పక్కపక్కన ఉంటాయి. ఒకదాని మీద పేరు తెలుగులో, రెండోదాని మీద ఒడియాలో. ఎన్నికలు జరిగిన ఊళ్ల పేర్లే రెండు రాష్ట్రాల కాగితాల్లో రెండు రకాలుగా ఉన్నాయి. యాభై ఏళ్ల తరవాత ఈ ఇళ్ల మనవలు మూలం వెతికితే, ఒకే మనిషికి రెండు రాష్ట్రాల్లో రెండు పేర్లతో రెండు బతుకులు కనిపిస్తాయి. రెండూ నిజమేనని వాళ్లకు ఎవరు చెబుతారు?

గీత ఒక్క కొండజనాన్నే తాకిందనుకోవద్దు. సవరభాషకు నిఘంటువు, వ్యాకరణం కూర్చిన గిడుగు రామమూర్తి బతుకంతా పర్లాకిమిడిలో గడిచింది. 1936లో ఆ పట్టణం ఒరిస్సాలో చేరినప్పుడు ఆయన అక్కడ ఉండలేక రాజమహేంద్రవరం వచ్చేశారు. అప్పటికి ఆయనకు డెబ్భై రెండేళ్లు. రాష్ట్రపతి అయిన వి. వి. గిరి 1894లో పుట్టిన బరంపురం అప్పుడు మద్రాసు రాజధానిలోది, ఇప్పుడు ఒడిశాది. ఇంకోవైపు జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఉన్నారు. తన సంస్థానం ఒరిస్సాలోకి పోయినా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చే ఏర్పాటు ఆపలేదు. అక్కడి సైన్సు కళాశాలకు ఆయన పేరు పెట్టారు. గీతను పట్టించుకోని మనుషులు రాజుల్లోనూ ఉన్నారు, కూలివాళ్లలోనూ ఉన్నారు.

జనం నడక కూడా ఆ గీతను ఎప్పుడూ ఒప్పుకోలేదు. అరకులో శుక్రవారం సంత, ఒనకడిల్లిలో గురువారం సంత. రెండిటికీ రెండు రాష్ట్రాల మనుషులూ వస్తారు. బేరం నడిచేది ఎక్కువగా ఆదివాసీ ఒరియాలో. అటు దాన్నే దేశియా అంటారు. చైత్రం వస్తే ఇటు ఇటుకల పండుగ, అటు చైత పరబ్. రెండిట్లోనూ అదే డప్పు, అదే థింసా. భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతంలో తిరిగి కొండదొరల భాష మీద 1969లో పుస్తకం వేశారు. దానికి కొండ అని ఒక పేరు, కూబి అని ఇంకో పేరు. భాషకే రెండు పేర్లున్న చోట ఊరికి, మనిషికి రెండు పేర్లుంటే వింతేమీ లేదు.

వెతుకుతున్న కుటుంబాలకు ఒక మాట. ముందు వంశం అడగండి, ఊరు ఆ తరవాత. ఊరు చెబితే ఆ ఊరివాళ్లు ఏ సంతకు నడిచేవాళ్లో, ఏ గెడ్డ దాటేవాళ్లో, ఊళ్ల మీద పెత్తనం చేసే ముఠాదారు ఎవరో, ఏ రాజుకు పన్ను కట్టేవాళ్లో అడగండి. వీటిని బట్టి అది గీతకు ఏ పక్కదో తెలుస్తుంది. ఊరి పేరును తెలుగులో, ఒడియాలో, పాత ఇంగ్లీషు స్పెల్లింగులో ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలుగా రాసి పెట్టుకోండి. 1907లో డబ్ల్యు. ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం గెజిటీరు, 1945లో బెల్ రాసిన కొరాపుట్ గెజిటీరు రెండూ పక్కన పెట్టుకుని చూడండి. క్రైస్తవ కుటుంబాలైతే సాలూరులో, కొరాపుట్‌లో పాత లూథరన్ సంఘాల బాప్తిస్మ పుస్తకాల గురించి అడగండి. కాగితం ఏదీ దొరక్కపోతే మీ పెద్దలు చెప్పిన మాటే రాయించి, గ్రామసభ ముందు సంతకం పెట్టించండి.

ప్రభుత్వాలకు ఒక విన్నపం. 1936కు ముందు విశాఖపట్నం ఏజెన్సీ కాగితాలు, జయపురం సంస్థానం కాగితాలు, జోలాపుట్ ముంపు ఊళ్ల జాబితాలు రెండు రాష్ట్రాలూ కలిసి ఒకచోట చేర్చి, పాడేరులోనూ కొరాపుట్‌లోనూ జనం అడిగి చూసుకునేలా తెరవాలి. మాచ్‌ఖండ్ కరెంటును పంచుకోవడం చేతనైన రెండు రాష్ట్రాలకు ఈ పని చేతకాకుండా పోదు.

మునిగిన ఊళ్లు కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు ఎనభై దాటినవాళ్లు. ముంచింగిపుట్టులో, పెదబయలులో, లమ్తాపుట్‌లో, నందపురంలో ఇంకా కొందరు ఉన్నారు. మీ ఇంట్లోనే ఉంటే, ఈ కార్యక్రమం అయ్యాక వాళ్ల పక్కన కూర్చుని ఆ ఊరి పేరు, ఆ వంశం పేరు అడిగి నోటుపుస్తకంలో రాసుకోండి. తేదీ వేసి రాసుకోండి.